తోట చెప్పే పాఠాలు

కడప జిల్లాలో పులివెందులకు దగ్గర వేముల మండలం ఉంది. ఆ మండలంలో తుమ్మలపల్లె ఉంది. ఊరి పేరులోనే చెట్టు ఉంది. తుమ్మచెట్టు!

తుమ్మను ఎవరూ నీళ్ళు పోసి పెంచరు. దాని ముల్లు కాలికి గుచ్చుకుంటే తిట్టుకుంటాం. కానీ ఆ ముల్లే చేనికి కంచె. ఆ కొయ్యే నాగలి. ఆ కాయలు మేకలకు మేత. దాని వేళ్ళు భూమికి సత్తువ ఇస్తాయి. అడగకుండానే ఇన్ని పనులు చేసే చెట్టు అది.

తుమ్మ ఒక్కటే కాదు. చీనీ, అరటి, చిక్కుడు తీగ, మల్లెచెట్టు, అన్నీ మనకు ఏదో ఒకటి చెబుతాయి. చదువు రాకముందు కూడా మన పెద్దలు ఆ మాటలు వినేవాళ్ళు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఆ మాటలను చదువుకుందాం. రాసుకుందాం. పదిమందితో మాట్లాడుకుందాం.

నమ్మకం అంటే ఏమిటి?

ఒక ఇంటి పెరడు ఊహించుకుందాం. జేజి గుంత తవ్వుతోంది. పక్కన చింత మొక్క ఉంది. మనవరాలు చూసి నవ్వింది.

"ఏంది జేజీ, ఇప్పుడు చింతచెట్టు పెడతాండావు? అది కాయలు కాసేదెప్పుడు, నువ్వు తినేదెప్పుడు?"

"నేను తినాలని పెడతాండానా పాపా? మనింట్లో ఇన్నేండ్లు చారుకు వేసిన చింతపండు యాడిది? మా అత్త పెట్టిన చెట్టుది. ఆయమ్మ నన్ను అడిగి పెట్టిందా?"

మనవరాలు మారు మాట్లాడలేదు. చెంబు తీసుకుని నీళ్ళకు పోయింది.

జేజి చేసిన పనినే నమ్మకం అంటాం. నమ్మకం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. 'అంతా దేవుడే చూసుకుంటాడు' అని గింజను గాదెలోనే పెట్టుకుంటే మొలక రాదు. గింజను మట్టిలో వేయాలి. అంటే చేతిలో ఉన్నదాన్ని వదులుకోవాలి. వానను మనం తేలేము. మొలకను లాగి పైకి తేలేము. కానీ దున్నగలం, విత్తగలం, కలుపు తీయగలం. మన చేతిలో ఉన్న పని మనం చేసి, మన చేతిలో లేనిదాని కోసం ఓపికగా ఎదురు చూడడమే నమ్మకం.

అందుకే అన్ని మతాల వాళ్ళూ నమ్మకం గురించి చెప్పేటప్పుడు తోటనే తలుస్తారు. మన పాతకాలం పెద్దలు మనిషి వదిలిపోవాల్సిన ఏడు రకాల సంతానం చెప్పారు. కన్నబిడ్డ అందులో ఒకటి మాత్రమే. చెరువు తవ్వించడం ఒకటి. గుడి కట్టించడం ఒకటి. తోట వేయడం కూడా ఒకటి. ముస్లింలు స్వర్గాన్ని జన్నత్ అంటారు. ఆ మాటకు తోట అనే అర్థం. క్రైస్తవుల బైబిల్లో మొదటి మనిషి కథ ఏదెను తోటలోనే మొదలవుతుంది. ఏసు కూడా విత్తేవాడిని, ఆవగింజను చూపించి పాఠాలు చెప్పాడు.

చీనీ చెట్టు ఓపిక

పులివెందుల ప్రాంతంలో చీనీ తోటలు చాలా ఉన్నాయి. చీనీ చెట్టు నాటిన ఏడాదే కాయదు. మంచి కాపు రావాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ రైతు ఖర్చు పెడుతూనే ఉంటాడు. చెట్ల మధ్య వేరుశనగో, కూరగాయలో, పప్పుదినుసులో వేసుకుని ఇల్లు గడుపుకుంటాడు.

చీనీ తోటలో ఇంకో వింత ఉంది. పూత బాగా రావాలంటే కొన్నాళ్ళు చెట్టుకు నీళ్ళు ఆపుతారు. దీన్నే బెట్ట పెట్టడం అంటారు. ఆకు వాడుతుంది. కొంత రాలుతుంది. కొత్తగా చూసేవాళ్ళు చెట్టు చచ్చిపోతోందని భయపడతారు. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడతారు. కొన్నాళ్ళకే తోటంతా తెల్లటి పూత. ఆ వాసన దారిన పోయేవాళ్ళకు కూడా తెలుస్తుంది.

కష్టకాలం కూడా ఇలాగే ఉంటుంది. ఆకు రాలినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. వేరు బతికి ఉంటే చాలు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బెట్ట పెట్టిన రైతు ఇంటికి పోయి పడుకోడు. రోజూ చెట్టు చుట్టూ తిరుగుతాడు. ఆకు చూస్తాడు, మట్టి చూస్తాడు. బెట్ట ఎక్కువైతే చెట్టు నిజంగానే చచ్చిపోతుంది. అలాగే కష్టంలో ఉన్న మనిషికి 'ఓర్చుకో, దేవుడున్నాడు' అని చెప్పి మన దారిన మనం పోకూడదు. రోజూ పలకరించాలి. సమయానికి నీళ్ళు పెట్టాలి. ఓపిక చెట్టుది. చూసుకునే బాధ్యత తోటవాళ్ళది.

రెండు చెట్లు, ఒక బతుకు

చీనీ మొక్క ఎలా తయారవుతుందో మీకు తెలుసు కదా! నారుమళ్ళలో ముందు వేరే జాతి నిమ్మ మొక్కను పెంచుతారు. రంగపూర్ నిమ్మ అలాంటిదే. దాని బెరడును కొంచెం చీలుస్తారు. మంచి చీనీ చెట్టు నుంచి ఒక కన్ను, అంటే మొగ్గ తీస్తారు. ఆ కన్నును చీలికలో దూర్చి పట్టీతో గట్టిగా కడతారు. కొన్ని వారాలకు రెండూ అతుక్కుంటాయి. కన్ను చిగురిస్తుంది. దీన్నే అంటు కట్టడం అంటారు.

ఇప్పుడు వేరు నిమ్మది. కొమ్మ చీనీది. నిమ్మ వేరు ఎండను, రోగాన్ని తట్టుకుంటుంది. చీనీ కొమ్మ తీయటి కాయ ఇస్తుంది. విడివిడిగా ఉంటే ఈ మేలు రాదు. నిమ్మ చీనీగా మారలేదు. చీనీ నిమ్మగా మారలేదు. అయినా ఒకే నీళ్ళు తాగి బతుకుతున్నాయి.

ఊరు కూడా అంటు కట్టిన చెట్టు లాంటిదే. ఊళ్ళో ఎన్నో కులాలు, మతాలు ఉంటాయి. కోడళ్ళు వేరే ఊళ్ళ నుంచి వస్తారు. పని కోసం వచ్చి స్థిరపడినవాళ్ళు ఉంటారు. అందరూ ఒకేలా మారాల్సిన పని లేదు. కలిసి నిలబడితే చాలు.

అంటులో ఇంకో పాఠం కూడా ఉంది. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. పూడితే తేమ పట్టి బంకతెగులు వస్తుంది. చెట్టు కుళ్ళిపోతుంది. మనుషుల మధ్య కూడా అంతే. కలిసిన చోట వచ్చిన గొడవను కప్పిపెడితే లోపల కుళ్ళుతుంది. గాలి తగలనివ్వాలి. కూర్చుని మాట్లాడుకోవాలి.

అరటి పిలక

అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. నాటిన ఏడాదికి దగ్గర దగ్గరగా గెల కోతకు వస్తుంది. ఆ తర్వాత ఆ చెట్టు పని అయిపోతుంది. కానీ అప్పటికే మొదట్లో పిలక ఉంటుంది. తల్లి చెట్టు బోదెను నరికి అక్కడే వేస్తే అది కుళ్ళి పిలకకే ఎరువు అవుతుంది.

పిలకలు చాలా వస్తాయి. అన్నిటినీ ఉంచితే ఏదీ మంచి గెల వేయదు. మంచిదాన్ని ఒకటి ఉంచి మిగతావి తీసేస్తారు. తీసినవాటిలో మంచివి ఇంకో తోటకు పోతాయి. ఊరి పనుల్లో పెద్దలు ఈ పాఠం నేర్చుకోవాలి. సంఘం అధ్యక్షురాలు పదేళ్ళు తానే లెక్కలు రాస్తే, ఆమె తర్వాత రాసేవాళ్ళు ఎవరు? తాను నిలబడి ఉండగానే పక్కన పిలకను పెంచాలి.

అరటికి గాలి భయం ఎక్కువ. గెల బరువుతో ఉన్న చెట్టు పెనుగాలికి పడిపోతుంది. అందుకే తోట చుట్టూ అవిశె లాంటి చెట్లు దగ్గర దగ్గరగా పెంచమంటారు. ఒక్క చెట్టు గాలిని ఆపలేదు. వరుసగా నిలబడితే ఆపుతాయి.

పూలకు మతం లేదు

తోటలో మల్లె, కనకాంబరం, బంతి పూస్తాయి. తెల్లవారుజామున కోసి బజారుకు పంపుతాం. ఆ పూలలో కొన్ని గుడికి పోతాయి. కొన్ని దర్గాలో పూల చాదరు అవుతాయి. కొన్ని చర్చిలో పెండ్లికి పోతాయి. కొన్ని పాడె మీదికి పోతాయి. కోసినవాళ్ళు 'ఇది ఎవరికి?' అని అడగరు.

మన కడప ఈ సంగతి ఎప్పుడో నేర్చుకుంది. ఉగాది రోజున దేవుని కడపలోని వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కూడా వస్తారు. బీబీ నాంచారిని తమ ఇంటి ఆడబిడ్డగా, స్వామిని అల్లుడిగా తలుస్తారు. అదే కడపలోని పెద్ద దర్గాకు హిందువులు ఎందరో పోయి మొక్కుకుంటారు. ఎవరి నమ్మకం వాళ్ళది. ఒకరి వాకిట్లోకి ఒకరు పోవడానికి అది అడ్డు రాలేదు.

నీళ్ళు ఎవరివి?

ఇంతవరకూ చెప్పినవి వినడానికి బాగుంటాయి. అసలు పరీక్ష నీళ్ళ దగ్గర వస్తుంది.

మనది కరువు సీమ. కడప జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అన్ని ఏళ్ళూ పడదు. తోటలకు బోర్లే దిక్కు. ఒకరు 300 అడుగులు బోరు వేశారనుకుందాం. పక్కవాళ్ళు 500 అడుగులు వేస్తారు. మొదటి బోరు ఎండుతుంది. వాళ్ళు అప్పు తెచ్చి 800 అడుగులు వేస్తారు. రెండో బోరు ఎండుతుంది. చివరికి ఇద్దరికీ అప్పే మిగులుతుంది. పైన గట్లు వేరు వేరు. కింద నీళ్ళు ఒక్కటే. గట్టు భూమికి పెట్టగలం. భూమి కింద నీళ్ళకు పెట్టలేం.

అందుకే 2002లో నీరు, భూమి, చెట్టు చట్టం వచ్చింది. బోరు వేయడానికి అనుమతి తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది. కానీ చట్టం ఒక్కటే చాలదు. 'చేనికి గట్టు, ఊరికి కట్టు' అన్నారు పెద్దలు. గట్టు లేని చేనులో మట్టి నిలవదు. కట్టుబాటు లేని ఊళ్ళో మేలు నిలవదు.

ఆ కట్టుబాటు ఎలా వస్తుందో కొన్ని ఊళ్ళు చేసి చూపించాయి. 2003 నుంచి కొన్నేళ్ళ పాటు మన రాష్ట్రంలోని కరువు జిల్లాల్లో ఒక కార్యక్రమం జరిగింది. కడప జిల్లా కూడా అందులో ఉంది. అక్కడ రైతులే తమ ఊరి వాన కొలిచారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి బోర్లలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలిచారు. ఆ అంకెలు ఊరందరికీ కనిపించేలా గోడ మీద రాశారు. పంట వేసే ముందు అందరూ కూర్చుని లెక్క వేశారు. భూమిలో నీళ్ళు ఎన్ని? మనం వేయాలనుకునే పంటలకు కావాల్సినవి ఎన్ని? తక్కువ పడితే ఏ పంట మానుకోవాలి? ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. అంకెలు కళ్ళముందు ఉంటే మనసు మారుతుంది. నీళ్ళు ఎక్కువ తాగే పంట తగ్గించి ఆరుతడి పంటలు వేసినవాళ్ళు ఉన్నారు.

మనం కూడా ఒక లెక్క వేద్దాం. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీళ్ళు. 20 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని?

4,000 × 20 = 80,000 లీటర్లు.

ఒక్క వానకు, ఒక్క ఎకరంలో అన్ని నీళ్ళు! గట్టు సరిగ్గా ఉంటే అందులో చాలా భాగం భూమిలోకి ఇంకుతుంది. లేకపోతే మన మట్టిని కూడా తీసుకుని వంకలోకి పోతుంది.

ఒక్కరి గొంతు, పదిమంది గొంతు

ఇప్పుడు తుమ్మలపల్లె పేరు దేశమంతా తెలుసు. తోటల వల్ల కాదు, యురేనియం గని వల్ల. 2007లో దానికి పునాది వేశారు. 2012లో పని మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు గోడు చెప్పుకున్నారు. గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. గని నడిపే సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఈ పాఠం తీర్పు చెప్పదు. కానీ ఇలాంటప్పుడు మనకు కావాల్సింది ఏమిటి? నీళ్ళ నమూనా ఏ బోరు నుంచి, ఏ రోజు తీశారో రాసి పెట్టుకోవాలి. పరీక్ష ఫలితం కాగితం అడగాలి. అడిగినా ఇవ్వకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలి. ఆ కాగితాన్ని పదిమంది ముందు చదవాలి. ఒక్కరు అరిస్తే కోపం అనుకుంటారు. పదిమంది సంతకాలు చేస్తే అది అర్జీ అవుతుంది. వేలిముద్ర వేసే చోట సంతకం చేయగలగడం ఎంత పెద్ద సంగతో ఇప్పుడు తెలిసిందా?

నీళ్ళ విషయంలో కలిసి నిలబడడం మనకు కొత్త కాదు. మన జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు ఉంది. దాని దగ్గర 1369 నాటి శాసనం ఉంది. శాసనం అంటే రాతి మీద చెక్కిన రాత. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పని చేస్తే చెరువు పూర్తయింది. మంచి చెరువుకు 12 లక్షణాలు ఉండాలని ఆ శాసనం చెబుతుంది. 6 దోషాలు ఉండకూడదని కూడా చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి చూడండి: చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదట! ఎందుకై ఉంటుంది? పంచుకోవడం తెలియని ఇద్దరి మధ్య ఉన్న నీళ్ళు ఎవరికీ దక్కవు.

మనం ఏం చేద్దాం?

పెద్ద తోట లేకపోయినా పర్వాలేదు. పెరడు చాలు. పెరడు లేకపోతే నాలుగు పాత డబ్బాలు చాలు.

ఒకటి: ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు వీధిలోకి వదలకండి. రోజుకు పది బిందెల నీళ్ళు అలా పోతున్నాయేమో చూడండి. చిన్న కాలువ తీసి మునగ, అరటి, కరివేపాకు చెట్లకు పెట్టండి.

రెండు: పందిరి వేసి చిక్కుడు, బీర, కాకర, సొర పాకించండి. సొర తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. తేనెటీగో ఇంకో పురుగో ఒకదాని పుప్పొడి ఇంకోదానికి చేర్చితేనే పిందె నిలుస్తుంది. అందుకే పూత మీద పురుగుమందు కొట్టకండి. మీరు చంపిన తేనెటీగ పక్కింటి తీగకు కూడా కావాలి.

మూడు: పురుగు వస్తే వేపగింజల కషాయం వాడండి. 5 కిలోల వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి. మూటను పిండి, వడగట్టి, మొత్తం 100 లీటర్ల నీళ్ళు చేసుకోండి. ఒక్కరే కొడితే పురుగు పక్క పెరట్లోకి పోయి మళ్ళీ వస్తుంది. వీధంతా కలిసి ఒకేసారి కొట్టండి.

నాలుగు: జీవామృతం చేసుకోండి. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి కలపండి. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దున, సాయంత్రం కలియబెట్టండి. అందులో పిడికెడు మట్టి ఎందుకు? ఆ మట్టిలో కంటికి కనిపించని కోట్ల ప్రాణులు ఉంటాయి. అవే నేలను బతికిస్తాయి. ఒక ఇంటికి ఆవు ఉండదు. ఇంకో ఇంటికి డ్రమ్ము ఉండదు. పొదుపు సంఘం వాళ్ళు కలిసి చేసుకుంటే అందరికీ సరిపోతుంది.

ఐదు: విత్తనం దాచండి. మంచి కాయను కోయకుండా తీగ మీదే ఎండనివ్వండి. గింజలు తీసి బూడిద కలిపి దాచండి. సగం మీరు ఉంచుకుని సగం పక్కింటికి ఇవ్వండి. మీ తీగ పురుగు పట్టి పోయినా, మీ విత్తనం వాళ్ళింట్లో బతికి ఉంటుంది. ఇచ్చినదే దాచుకున్నది!

పెరట్లో మొదటి కాయ కాసినప్పుడు మన పెద్దలు ముందు దేవుడి దగ్గర పెట్టేవాళ్ళు. తర్వాత ఇరుగుపొరుగుకు పంచేవాళ్ళు. ఆ తర్వాతే తాము తినేవాళ్ళు. నమ్మకం, పంచుకోవడం, కష్టఫలం మూడూ ఆ ఒక్క కాయలో ఉన్నాయి.

జేజి నాటిన చింతచెట్టు నీడలో ఎవరు కూర్చుంటారో ఆమెకు తెలియదు. అయినా గుంత తవ్వింది. మనం కూడా తవ్వుదాం.

మాట్లాడుకోండి, రాయండి

1. మీ ఇంట్లో మీకంటే ముందువాళ్ళు నాటిన చెట్టు ఏది? దాని గురించి నాలుగు వాక్యాలు రాయండి.

2. మీ వీధిలో ఎన్ని బోర్లు ఉన్నాయి? ఎన్ని ఎండిపోయాయి? పట్టిక గీసి రాయండి.

3. ఎకరంలో 35 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని లీటర్ల నీళ్ళు? లెక్క చేయండి.

4. 'చేనికి గట్టు, ఊరికి కట్టు' అంటే మీకు ఏమి అర్థమైంది? మీ ఊరికి ఇప్పుడు కావాల్సిన ఒక కట్టుబాటు ఏది? అందరూ కలిసి చర్చించండి.